తెల్ల కాగితం మీద మురికి

మణుగూరు బజారులో సంసోను దగ్గరికి వజ్రాల నగ పట్టుకుని వెళ్లే ఆడవాళ్లు ముందే మనసు గట్టి చేసుకుని వెళ్లేవారు. పని బాగా చేస్తాడు, అందులో ఎవరికీ అనుమానం లేదు. చెయ్యి ఎంత మంచిదో నోరు అంత చెడ్డది. చెయ్యి కావాలంటే నోరు భరించాలి, వేరే దారి లేదు.

దుకాణమని పేరేగానీ అది ఒక బంగారం కొట్టు వెనక మెట్ల కింద మిగిలిన జాగా. కిరాయిది. ఒక బల్ల, ఒక దీపం, గోడకు చర్చివాళ్లు ఇచ్చిన క్యాలెండరు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ముప్పై రెండేళ్లుగా సంసోను అక్కడే కూర్చుని రవ్వలు పొదుగుతున్నాడు. మధ్యాహ్నం ఊరి పక్క బొగ్గుగని ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగే వేళకు బల్ల సన్నగా వణుకుతుంది. అప్పుడు పని ఆపి, రాళ్లున్న పళ్లెం మీద అరచెయ్యి కప్పి, వణుకు ఆగేదాకా అలాగే కూర్చుంటాడు. ఖమ్మంలో పని నేర్పిన కిషన్‌లాల్ సేఠ్ రాయి విషయంలో ఎవర్నీ నమ్మొద్దని చెప్పాడు. సంసోను ఆ మాటను ఇంకాస్త పొడిగించి మనుషుల్ని కూడా నమ్మడం మానేశాడు.

వజ్రాలు పెట్టుకునేవాళ్లంటే అతనికి చెప్పలేనంత చులకన. ఇంటి జాగా కొనగలిగినంత డబ్బు పోసి చెవులకు ఏడేసి రాళ్లు పెట్టుకుంటారు, ఆ చెవులతో అతను చెప్పే మాట మాత్రం ఒక్కటీ వినరు. ఉంగరంతోనే పిండి పిసుకుతారు, ఉంగరంతోనే అంట్లు తోముతారు. కమ్మలు తియ్యకుండా తలకు రంగు వేసుకుంటారు. రాత్రి తీసి అన్నీ కలిపి ఒకే డబ్బాలో పోస్తారు. వజ్రం పక్కనున్న వజ్రాన్ని కూడా గీస్తుంది, బంగారం దానికి ఒక లెక్కా అంటే నోరెళ్లబెట్టి చూస్తారు. ఆర్నెల్లకొకసారి తెచ్చి చూపించమంటే ఆరేళ్లకు, అదీ రాయి పోయాక వస్తారు. వచ్చి ఏడుస్తారు. ఆ ఏడుపు చూస్తే సంసోనుకు జాలి పుట్టేది కాదు, ఒళ్లు మండేది.

అతని ఇంట్లో మాత్రం గోరంత బంగారం లేదు. భార్య విశ్రాంతమ్మ ఇరవై ఏళ్ల కిందట భద్రాచలం దగ్గర గోదాట్లో బాప్తిస్మం తీసుకున్న రోజున ఒంటి మీది నగలన్నీ తీసేసింది. వాళ్ల సంఘంలో ఆడవాళ్లు నగ పెట్టరు. పెట్టుకునేవాళ్లను చూసి నవ్వినట్టే, తీసేసి అది గొప్పగా చెప్పుకునేవాళ్లను చూసి కూడా సంసోను నవ్వేవాడు. అతను నవ్వనిది తన పనిని చూసి ఒక్కటే. ఏటా రెండుసార్లు తను చూసిన నగలోంచి ఇప్పటిదాకా ఒక్క రాయి రాలలేదని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు. ఖమ్మంలో, కొత్తగూడెంలో పెద్ద పెద్ద షోరూములు వచ్చి, ఏసీ గదుల్లో కూర్చోబెట్టి, ఆవిరి మిషన్లతో ఉచితంగా కడిగి ఇస్తున్నా మణుగూరు ఆడవాళ్లు ఇంకా ఈ మెట్ల కిందికి వస్తున్నారంటే ఆ ఒక్క మాట వల్లనే.

నగ చూడటంలో అతనికో పద్ధతి ఉంది. ముందు కమ్మను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపుతాడు. రాయి వదులైతే సన్నగా చప్పుడవుతుంది. తర్వాత నూలు పోగు ఒకటి రాళ్ల మీదుగా లాగుతాడు. రాయిని చుట్టూ పట్టుకుని ఉండే బంగారు కొసలను అతను గోళ్లంటాడు. ఏ గోరు పైకి లేచినా పోగు దానికి తట్టుకుంటుంది. ఆ తర్వాత కంటికి అద్దం పెట్టి ఒక్కొక్క గోరూ చూస్తాడు. ఇదంతా అయ్యాకే కడుగుడు. ఎందుకంటే లేచిన గోరు వదిలేసిన రాయిని ఒక్కోసారి వెనక పేరుకున్న మురికే పట్టి ఉంచుతుంది. ముందే కడిగితే మురికితో పాటు రాయీ పోతుంది. ఈ సంగతి అతనికి మంచినీళ్ల ప్రాయం. అందుకే ఎవరికీ చెప్పాలని ఎప్పుడూ తోచలేదు. కడగడం తన పని, వాళ్లకెందుకు చెప్పడం?

చెప్పాల్సింది చెప్పలేదుగానీ చెప్పకూడనివి మాత్రం తీరుబడిగా చెప్పేవాడు. సూదితో రాళ్ల వెనక మురికి గీరి, బల్ల మీద తెల్ల కాగితం పరిచి, దాని మీద రాల్చేవాడు. ఇక మొదలయ్యేది వేడుక. అంగన్‌వాడీ టీచరు బుల్లెమ్మ ఉంగరం ఇచ్చిందనుకోండి. సూదికొసతో ఆ మురికిని చదివేవాడు.

"ఇది గోధుమపిండి. నిన్న పూరీలు చేసినవ్. ఇది పసుపు. ఇది సబ్బు. గీ ఎర్రది ఏంది, మామిడికాయ తొక్కా? చేత్తోనే కలిపినవా తల్లీ, గరిటె కొనుక్కోలేవా?"

కుర్చీల్లో ఉన్నవాళ్లు పకపకా నవ్వేవాళ్లు. నవ్వినవాళ్ల వంతు వచ్చినప్పుడు మిగతావాళ్లు నవ్వేవాళ్లు. అలా మురికి చదివించుకుని, డబ్బులిచ్చి, మెరిసే నగతో తలదించుకుని వెళ్లడం ఆ దుకాణంలో మామూలైపోయింది. నాలుగు తిడితేనే బుద్ధి వస్తుందని సంసోను నమ్మకం.

రెండున్నరేళ్ల కిందట ఒకరోజు రూప్లి వచ్చింది. మణుగూరుకు నాలుగు మైళ్ల అవతల అడవి అంచున ఉన్న తండా మనిషి, యాభై దాటిన ఆడది. వెంట కొడుకు బాబూరావు ఉన్నాడు. అతను ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు. రూప్లి చెవులకు ఏడురాళ్ల కమ్మలున్నాయి. భర్త దేవ్లా గనిలోంచి రిటైరయినప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నవి. ఆ డబ్బు చాలక, ఆమె తల్లి తన జడలకు వేలాడదీసుకున్న వెండి టోప్లీలు, కాళ్ల కడియాలు, అన్నీ తూకానికి వేశారు. ఆమె పిల్లప్పుడు చూసిన అమ్మ మొహం ఆ వెండి మధ్యనే ఉండేది. అది కరిగి ఈ రాళ్లయింది కాబట్టి, రెండేళ్లుగా ఒక్కపూట కూడా చెవులనుంచి తియ్యలేదు. స్నానానికీ తియ్యలేదు, మిరప చేలోకి వెళ్లినా తియ్యలేదు.

ఇవేవీ సంసోనుకు తెలియవు. అడిగితే కదా తెలిసేది. అతను ముందు బాబూరావును పట్టుకున్నాడు.

"ఏం తమ్మీ, నీ డంపర్‌కు ఇన్ని గంటలకొకసారని సర్వీసింగ్ చేస్తరు గదా?"

"అవ్ కాకా."

"బోల్టులు గుంజి చూస్తరా లేదా?"

"చూస్తరు."

"మరి మీ అమ్మ చెవులకున్న గీ పద్నాలుగు బోల్టులు ఎవడు చూడాలె?"

బాబూరావు నవ్వి ఊరుకున్నాడు. అక్కడితో ఆగితే ఈ కథ లేదు. సంసోను కమ్మ వెనక సూది పెట్టి గీరాడు. రెండేళ్ల మురికి నల్లటి ముద్దగా వచ్చి తెల్ల కాగితం మీద పడింది. బొగ్గు దుమ్ము, కొబ్బరినూనె, పౌడరు, చేలో మన్ను. ఆ రోజు దుకాణంలో నలుగురు ఆడవాళ్లున్నారు, బుల్లెమ్మ కూడా ఉంది. జనం ఉంటే సంసోను నోటికి పట్టపగ్గాలుండవు.

"చెల్లె, గీ మన్నుల నాలుగు కందిగింజలు ఎయ్, మొలుస్తయ్," అన్నాడు. నలుగురూ నవ్వారు. నవ్వు చాలలేదు కాబోలు, ఇంకొకటి అన్నాడు. "మీ తండాల నీళ్లు లేవా ఏంది?"

బాబూరావు మొహం కందిపోయింది. రూప్లి కాగితం మీది ముద్దను ఒకసారి చూసి, చీర కొంగు చెవుల మీదికి లాక్కుంది. చిన్నప్పుడు కట్టెలమోపు దించి బజారులో కొట్ల ముందు నిలబడితే ఎడంగా నిలబడమన్న మాటలు ఆమె చాలా విన్నది. అవన్నీ పాతవి, పోయాయనుకుంది. ఏడేసి రాళ్లు పెట్టుకుని వచ్చినా మళ్లీ అదే మాట, అదీ నవ్వుల మధ్య. కమ్మలు తళతళలాడుతూ చేతికొచ్చాయి. ఆమె వాటిని కొంగు చాటునే చెవులకు పెట్టుకుంది.

"ఆర్నెల్లకు మళ్ల తే," అన్నాడు సంసోను.

"తెస్తనన్నా," అన్నది.

తెచ్చింది. సరిగ్గా ఆర్నెల్లకు తెచ్చింది, మళ్లీ ఆర్నెల్లకు, ఆ తర్వాత కూడా. ప్రతిసారీ కమ్మలు అద్దంలా ఉండేవి. సూది పెట్టి గీరితే కాగితం మీద పడేదేమీ ఉండేది కాదు. సంసోను ఉప్పొంగిపోయాడు. "చూడుండ్రి, తండా మనిషి ఎట్ల నేర్చుకున్నదో! మీకు చదువులెందుకు?" అని బుల్లెమ్మ లాంటివాళ్లను దెప్పేవాడు. మెల్లగా అందరి నగలూ శుభ్రంగా రావడం మొదలైంది. తన తిట్ల మహిమ అనుకుని మురిసిపోయాడు.

ఆ రెండేళ్లలోనే రాయి పోయి, గూడు ఖాళీ అయి వచ్చే నగలు కూడా ఎక్కువయ్యాయి. చాలావరకు అతను ఎన్నడూ చూడనివీ, ఒకసారి చూపించి మళ్లీ ఏళ్లతరబడి రానివీ. దానికీ అతని దగ్గర జవాబుంది. ఇప్పటి నగల్లో బంగారం పలచన, గోళ్లు రేకుల్లా ఉంటున్నాయి, ఆడవాళ్లకు ఒంటి మీద తెలివి లేదు. నగలు శుభ్రంగా రావడం ఒకవైపు, రాళ్లు పోవడం ఒకవైపు, రెండూ కళ్లముందే ఉన్నాయి. వెంట్రుకంత గీతను అద్దంలో పట్టుకునే మనిషి ఆ రెంటినీ ఒకచోట పెట్టి చూడలేకపోయాడు. ఎదుటివాళ్లు తెలివితక్కువవాళ్లని ముందే తేల్చుకున్నవాడికి ఇక ఆలోచించే పనేముంటుంది?

మొన్న ఫిబ్రవరిలో ఒక సోమవారం పదకొండింటికి రూప్లి ఒక్కతే వచ్చింది. బుల్లెమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. రూప్లి చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. మూత తీస్తే కమ్మలు రెండూ మెరుస్తున్నాయి. ఒకదాంట్లో నడిమి రాయి లేదు. చుట్టూ ఆరు రాళ్లు, మధ్యలో నల్లటి గుంట.

సంసోనుకు తలకొట్టేసినట్టయింది. తను చూసిన నగ అది, ఆర్నెల్ల కిందట ఒక్కొక్క గోరూ నొక్కి పంపినది. నా చేతిమీద పోయిన రాయి లేదనే మాట ఈ గుంటలోంచి జారిపోతోంది. భయం వేసింది. భయం వేసినప్పుడు కూడా అతనికి తెలిసింది తిట్టడమే.

"ఏం చేసినవ్? పిండి పిసికినవా? చెట్లెక్కినవా? ముల్లుకంపలల్ల తల పెట్టినవా? నెత్తిన నోరు పెట్టుకొని మొత్తుకుంటున్న, కమ్మలు పెట్టుకొని చేలకు పోవద్దని. మీకు ఇత్తడివి చాలు. గాజురాళ్లు చాలు. వజ్రాలు ఎవరు పెట్టుకోమన్నరు మిమ్మల్ని?"

రూప్లి అడ్డురాలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. అతను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మాట్లాడింది.

"అయిపోయిందా అన్నా? ఇగ నేను చెప్త, ఇను. తండాల నీళ్లు లేవా అన్నవ్, యాదికున్నదా? నీకెందుకుంటది. నాకున్నది. గప్పటి సంది నీ దగ్గరికొచ్చే ముందురోజు గీ కమ్మలు కుంకుడురసంల నానేసి, పాత బ్రష్షుతోని రుద్ది, మూడు నీళ్లు కడిగి తెస్తున్న. మళ్ల నువ్వు కాగితం మీద రాల్చి అందరికి చూపియ్యొద్దని. నిన్న గూడ గట్లనే కడిగిన. నీళ్లు తూములకు పారవోసి, తుడుస్తుంటె చూసిన. నడిమి రాయి లేదు."

బుల్లెమ్మ నేల చూస్తూ అన్నది. "నేను గూడ కడిగే తెస్తనన్నా. పూరీల మాట అన్నకాడి నుంచి." మిగతా ఇద్దరూ తల ఊపారు.

సంసోను అద్దం కంటికి పెట్టుకుని గుంటలోకి చూశాడు. నాలుగు గోళ్లలో రెండు పైకి లేచి ఉన్నాయి. ఒకదాని కింద సన్నటి ఎర్రటి ఉన్నిపోగు ఇంకా ఇరుక్కుని ఉంది. చలికాలం శాలువా కప్పుకున్నప్పుడు తట్టుకుని గోళ్లను లేపింది. ఆర్నెల్లుగా పేరుకున్న మురికి రాయిని పట్టి ఉంచింది. కడగకుండా తెచ్చి ఉంటే నూలుపోగు లాగగానే దొరికిపోయేది, రెండు నిమిషాల పని. ఆర్నెల్లకొకసారి చూసుకోమనేది ఇందుకే కదా. ఆమె అతను చెప్పినట్టే గడువు తప్పకుండా వచ్చింది. దారిలో అడ్డం పడింది అతని నోరు.

ఆ మాట ఒప్పుకుని ఉంటే బాగుండేది. కానీ నోటికొచ్చింది వేరు.

"కడగమని నేను చెప్పిన్నా?"

"కడగొద్దని చెప్పినవా?" అన్నది రూప్లి.

ఆ రోజు అతను ఇంకే పనీ ముట్టలేదు. ఇంటికి వెళ్లి విశ్రాంతమ్మతో చెప్పాడు. తనను సమర్థిస్తుందనుకున్నాడో ఏమో. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"గిది నీకు ఇయ్యాల తెలిసిందా? మణుగూరుల ఆడోళ్లందరికి ఎరుకే. సంసోను దగ్గరికి పోవాలంటె ముందు నగ కడగాలె, లేకుంటె పరువు తీస్తడని నల్లాల కాడ చెప్పుకుంటరు. మా సంఘంల సుత అంటరు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు ఎవలు చెప్తె విన్నవ్?"

సంసోను అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. కోపంతో కాదు. జీవితంలో మొదటిసారి తన మీద తనకే అసహ్యం వేసింది, దాన్ని ఎవరి మీదికి తొయ్యాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే దుకాణం తాళం తియ్యకుండా తండాకు పోయాడు. రాళ్లు పట్టుకునే చిమటా, జల్లెడ, భూతద్దం సంచిలో పెట్టుకుని, బజారులో మెకానిక్ దగ్గర ఒక డబ్బా గ్రీజు కొన్నాడు. కిషన్‌లాల్ సేఠ్ చెప్పిన సంగతి ఒకటి గుర్తుంది. వజ్రానికి నీళ్లు అంటవు, జిడ్డు అంటుతుంది. అందుకే నగలు అంత జల్దీ మాసిపోతాయి. పళ్లేనికి గ్రీజు పూసి, దాని మీదుగా బురదనీళ్లు పారిస్తే మన్ను పోతుంది, ఇసుక పోతుంది, వజ్రముంటే గ్రీజుకు పట్టుకుంటుంది.

రూప్లి ఇంటి వంటగది తూము గోడలోంచి పెరట్లోకి పోయి అరటిచెట్ల మొదట్లో పడుతుంది. అక్కడ ఏళ్లనుంచి గిన్నెలు కడిగిన నీళ్లు, గంజి, ఎంగిలి, బూడిద కలిసిన నల్లటి బురద. ముప్పై రెండేళ్లు సూదిమొనంత మురికిని కాగితం మీద రాల్చి జనాన్ని నవ్వించిన మనిషి, మోచేతుల దాకా ఆ బురదలో చేతులు పెట్టాడు. బాబూరావు పార పట్టాడు. రూప్లి బిందెతో నీళ్లు పోసింది. ఆమె ముఖంలో కనికరమూ లేదు, కోపమూ లేదు. తన రాయి తనకు కావాలి, అంతే.

తండా అంతా వచ్చి చుట్టూ నిలబడింది. పక్కింటి ముసలామె ఒకతె నడుం మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూసి గట్టిగా అడిగింది.

"ఏందయ్యా, గా మన్నుల కందులు ఏస్తున్నవా?"

పిల్లా పెద్దా గొల్లున నవ్వారు. సంసోను చెవులు వేడెక్కాయి. తను అన్న ఆ మాట మెట్ల కింద నలుగురి మధ్యనే ఉండిపోయిందనుకున్నాడు. నాలుగు మైళ్లు నడిచి తండా చేరి, రెండేళ్లుగా ఇక్కడే ఉందన్నమాట. అలా నవ్వుతుంటే వంగి పని చేసుకోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. తల వంచుకుని, ఇంకో దోసెడు బురద పళ్లెంలో పోశాడు.

మొదటిరోజు ఏమీ దొరకలేదు. రెండోరోజు బాబూరావుకు అనుమానం వచ్చింది. తూము దగ్గర ఎప్పుడూ కోళ్లు తిరుగుతాయి, మెరిసేది ఏది కనపడినా పొడుస్తాయి. మూడు కోళ్లను కోశారు. కందనకాయలు చీల్చి తెస్తే సంసోను వాటిని కూడా చిమటాతో వెతికాడు. ఇసుక దొరికింది, పచ్చగాజు ముక్క దొరికింది, చొక్కా గుండీ ముక్క ఒకటి దొరికింది. ఒకసారి పళ్లెం మీద గ్రీజులో ఏదో తళుక్కుమంటే అందరూ మీద పడి చూశారు. అతను అద్దం పెట్టి చూసి, గాజు అని చెప్పి, తీసి పారేశాడు. రూప్లి అప్పుడు మాత్రం పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది. అది చూసినప్పుడు అతనికి ఒళ్లు మండలేదు.

మూడోరోజు సాయంత్రానికి అరటిచెట్ల కింద నడుంలోతు గుంత తేలింది. రాయి లేదు. కందిగింజలో సగం ఉండే రాయి, ఏ కోడి కడుపులో ఉందో, ఏ వేరు కింద ఉందో. సంసోను చేతులు కడుక్కుని, జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. తను దాచుకున్న రాళ్లలోంచి అదే కొలతది, మెరుపు కాస్త ఎక్కువే ఉన్నది, ఏరి తెచ్చాడు.

"చెల్లె, గిది పొదుగుత. పైసా వద్దు. తప్పు నాది."

ఆ నాలుగు ముక్కలు చెప్పడానికి అతనికి మూడురోజులు పట్టింది. రూప్లి పొట్లం విప్పి చూసింది. మళ్లీ మడిచి అతని చేతిలోనే పెట్టింది.

"నీ రాయి నాకెందుకన్నా? పోయింది మా అమ్మ వెండి. నీ దగ్గర ఉన్నదా అది?"

"మరి గూడు ఖాళీగ ఉంటది గదా?"

"ఉండనీ. లేచిన గోళ్లు మట్టుకు ఒత్తి ఇయ్యి, చీరకు తట్టకుండ."

ఆమె మొండిదని దేవ్లా అన్నాడు, బాబూరావు అన్నాడు, చివరికి బుల్లెమ్మ కూడా అన్నది. రూప్లి వినలేదు. ఆ ఖాళీ గుంటతోనే కమ్మలు పెట్టుకుని పెళ్లిళ్లకు పోతుంది, పర్ణశాల తీసుకెళ్తే అక్కడికీ అలాగే పోయింది. నడిమి రాయేదని ఎవరైనా అడుగుతారు, అడగకుండా ఎవరుంటారు? అడిగినవాళ్లకల్లా దాచకుండా చెబుతుంది. "మణుగూరుల సంసోను నోటికి పోయింది. మీరు గూడ పోండ్రి ఆయన కాడికి, పని మంచిగ చేస్తడు. కానీ కడగకుండ పోండ్రి. ఏమన్న అంటె నాకు చెప్పుండ్రి."

ఆ మాట షోరూముల ప్రకటనలకంటే దూరం పోయింది. ఇప్పుడు అశ్వాపురం నుంచి, భద్రాచలం నుంచి కూడా ఆడవాళ్లు వస్తున్నారు, మాసిన నగలు మాసినట్టే తెస్తున్నారు. లేచిన గోళ్లు రాయి పోకముందే దొరుకుతున్నాయి. సంసోను మారిపోయాడని చెబితే అది అబద్ధం. అంటిన పిండి మరకలు చూసినప్పుడు అతని పెదవి ఇప్పటికీ ఒకవైపుకు వంకర తిరుగుతుంది, గొంతులోకి ఏదో ఒక మాట వస్తుంది, దాన్ని మింగుతాడు. నా చేతిమీద రాయి పోలేదనే మాట మళ్లీ ఎవరితోనూ అనలేదు. తెల్ల కాగితం పరచడం మానేశాడు.

ఒక్క మనిషికి మాత్రం పరుస్తాడు. ఆర్నెల్లు నిండిన రోజున రూప్లి వస్తుంది. మొన్న ఆగస్టులో వచ్చింది. కుర్చీల్లో ఎంతమంది ఉన్నా అందరి ముందూ నిలబడి, కమ్మలు చెవులనుంచి తీసి, బొగ్గుదుమ్ముతో, నూనెతో, చేలో మన్నుతో ఉన్నవి ఉన్నట్టే బల్ల మీద పెట్టింది.

"కాగితం పర్వు," అన్నది.

పరిచాడు. పదమూడు రాళ్లనూ చెవి దగ్గర పెట్టి విన్నాడు, పోగు లాగాడు, అద్దంలో చూశాడు, తర్వాత సూదితో గీరాడు. నల్లటి ముద్ద కాగితం మీద పడింది.

"చదువు," అన్నది రూప్లి.

కుర్చీల్లో వాళ్లు మాటలాపి చూస్తున్నారు. సంసోను తల ఎత్తలేదు. సరిగ్గా అప్పుడే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగి బల్ల వణికింది. అతను చప్పున అరచెయ్యి చాపి కమ్మల మీద కప్పి, వణుకు ఆగినా చాలాసేపు తియ్యలేదు.